పొడి గదిలో తడి మనిషి

“ఎడమ కన్ను మూసుకుని ఆఖరి వరస చదవండి,” అన్నాడు కళ్లద్దాల షాపులోని తెల్లకోటు మనిషి.

ఏజెంట్ ఎడమ కన్ను మూసుకున్నాడు. గోడకి వేలాడుతున్న చార్టులో పై వరసల నిండా పెద్ద పెద్ద అక్షరాలు. ఆఖరి వరసలో మాత్రం చీమ తలకాయంత అక్షరాలతో ఒక ప్రశ్న ఉంది. మీ చేపలకి ఈత వచ్చా?

“నేర్చుకుంటున్నాయి,” అన్నాడు ఏజెంట్.

తెల్లకోటు మనిషి లేచి వెళ్లి షాపు తలుపుకి ‘భోజన విరామం’ అన్న బోర్డు తగిలించి వచ్చాడు. అప్పుడు టైము ఉదయం ఏడున్నర.

డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని పెద్దాయన అంటారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఏజెంట్‌కి ఫైల్లో ఒక నంబరుంది కానీ, పదకొండు రోజుల క్రితం పెళ్లయినప్పటి నుంచి ఆ నంబరుతో పిలిచేవాళ్లు లేరు. వైర్‌లెస్‌లో, క్యాంటీన్‌లో, చివరికి కోడ్ రూమ్‌లో కూడా అతను ‘పెళ్లికొడుకు’ అయిపోయాడు. ఇంట్లో భార్య లెక్కలో మాత్రం అతను వాటర్ ఫిల్టర్ల కంపెనీలో సేల్స్ మేనేజరు. ఆ ఉదయం అతని చొక్కా గుండీలు ఆమే పెట్టింది. ఒకటి తప్పించి పెట్టడం వల్ల కాలరు ఒక పక్కకి ఎక్కి కూర్చుంది. వీధి మలుపు తిరిగాక అతనా సంగతి గమనించాడు. సరిచేసుకోలేదు.

“మిషన్ ఏమిటి సార్?”

“చేప.”

“ఎలాంటి చేప?”

“మగది. పదకొండు కిలోలు. వయసు తొమ్మిదేళ్లు. ఇవాళ ఈ దేశంలో దానికంటే విలువైన ప్రాణి లేదు. నిన్ను కూడా కలుపుకునే చెబుతున్నాను.”

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రామ్‌లాగే ఉంటుంది. మంచినీటి చెరువుల్లో చేపలకి మొప్పల తెగులు. తెగులు తగ్గాలని రైతులు చెరువుల్లో యాంటీబయాటిక్స్ గుమ్మరిస్తున్నారు. ఆ మందు చేప కండలోనే ఉండిపోతోంది. అవే చేపలు ఓడరేవు ల్యాబుల్లో ఫెయిలై కంటైనర్లకి కంటైనర్లు వెనక్కి వస్తున్నాయి, ఓడ ఎక్కనివి పిల్లల కంచాల్లోకి వస్తున్నాయి. ఊరికి దూరంగా ఒక పరిశోధన కేంద్రంలో ఒకావిడ పద్నాలుగేళ్లు కష్టపడి, తరం వెనక తరం ఏరి, ఏ మందూ అక్కర్లేకుండా ఆ తెగులుని తట్టుకునే చేప జాతిని తయారుచేసింది. పోయిన ఏడాది ఒక గంటసేపు కరెంటు పోయింది. గాలి మిషన్లు ఆగిపోయాయి. ఆ జాతి మగ చేపలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. ఆడవి ఇంకా ఆరున్నాయి. ఇవాళ వాటిలో ఒకదాని గుడ్లు తీస్తారు.

“మగచేప దగ్గర తీసే వీర్యాన్ని హేచరీ వాళ్లు మిల్ట్ అంటారు. ఒక చిన్న సీసాడు వస్తుంది. ఐసు మీద కొన్ని గంటలు బతుకుతుంది. ‘గాలం’ ముఠా దాన్ని కొట్టేయబోతోంది. దాని జాగాలో మామూలు చేప మిల్ట్ పెడుతుంది. రెండేళ్ల దాకా, అంటే పిల్లలు పెరిగి తెగులు తగిలి చచ్చేదాకా, ఎవరికీ తెలియదు. అప్పటికి ముసలి మగచేప ఉండదు.”

“గాలం వాళ్లకి చేపలతో ఏం పని?”

“చెరువుల్లో పోసే మందులు అమ్మేది వాళ్లే.”

పెళ్లికొడుకుకి అర్థమైంది. పెద్దాయన నాలుగు వస్తువులు బల్లమీద పెట్టాడు. కెమెరా ఉన్న పెన్ను, మైకు ఉన్న గుండీ, చెవిలో పెట్టుకునే రేడియో, మత్తు సూది విసిరే వాచీ. అక్కడ మన మనిషి ఒకరుంటారని కూడా చెప్పాడు. గాలం ముఠాలో మూడేళ్లుగా మన తరఫున పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ ముత్యం. విదేశీ కొనుగోలుదార్ల తరఫున సీఫుడ్ శుభ్రత ఆడిటర్‌గా వస్తుంది. అది వేషం కాదు, నిజంగానే ఆమె చదివిన చదువూ చేసిన ఉద్యోగమూ అవే. కడిగి తుడిచిన కంచంలో కూడా మురికి చూపించగలదని పేరు.

“కాలరు సరిచేసుకో,” అన్నాడు పెద్దాయన చివర్లో.

“అది వేషంలో భాగం సార్.”

పెద్దాయన బోర్డు తీసేశాడు.

*

ఆక్సిజన్ సిలిండర్ల వ్యాను తోలుకుంటూ పెళ్లికొడుకు కేంద్రంలోకి వెళ్లేసరికి ఎనిమిదిన్నర. ఖాకీ చొక్కా, చెవి వెనక పెన్ను. సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి. ఒక్కో తొట్టికి ఒక్కో రంగు వల, ఒక తొట్టి వల ఇంకో తొట్టిలో ముంచకూడదట. గాలి మిషన్లు గుడగుడమంటున్నాయి. నీళ్లమీద ఎండ చిన్న చిన్న ముక్కలై ఆడుతోంది. భార్యని ఇక్కడికి తీసుకొస్తే ఎంత సంబరపడుతుందో అని ఒక్క క్షణం అనుకున్నాడు. తర్వాత, ఏమని చెప్పి తీసుకొస్తానని ఇంకో క్షణం అనుకున్నాడు.

మూడో తొట్టి దగ్గర ముత్యం నిలబడి ఉంది. కాళ్లకి రబ్బరు బూట్లున్నా హైహీల్స్ మీద నడుస్తున్నట్టే ఉంది ఆమె నడక. తెల్లకోటు మీద మడత లేదు, ముక్కు మీద చెమట లేదు. అతన్ని చూడగానే నవ్వింది. ఆ నవ్వుకి గట్టు మీద వలలు ఆరేస్తున్న ఇద్దరు ఆ పని మానేశారు.

“మీ చేపలకి ఈత వచ్చా?”

“నేర్చుకుంటున్నాయి.”

ఆమె ఫైలులో ఏదో రాస్తున్నట్టు తల వంచుకుని, పెదవులు కదలకుండా రిపోర్టు ఇచ్చింది. గాలం మనిషి వచ్చేశాడు. వెనకవైపు, చెరువులన్నీ దాటాక ఉన్న పాత షెడ్డులో దాక్కున్నాడు. పనివాడి వేషంలో తొమ్మిదింటికి లోపలికి వస్తాడు. ఈలోపే పట్టుకోవాలి. లోపల మిల్ట్ సంగతి తను చూసుకుంటుంది.

చెరువులన్నీ దాటడమంటే పన్నెండు గట్లు. పెళ్లికొడుకు పరుగెత్తాడు. షెడ్డు తలుపు పక్కన నక్కి, వాచీ గురిపెట్టి, ఒక్క తన్నుతో తలుపు తోశాడు. లోపల ఒక ముసలి వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. పక్కన తొట్టిలో ఒక మామూలు మగచేప.

వాచ్‌మన్ భయపడలేదు. ఇవాళ ఈ చేపకి గిరాకీ బాగా ఉందే అన్నాడు. ఎందుకలా అన్నావని పెళ్లికొడుకు అడిగితే, పొద్దున్నే ఆ ఆడిటరమ్మ కూడా వచ్చిందనీ, ల్యాబు శాంపిలని చెప్పి ఈ చేప మిల్ట్ ఒక సీసాలో పట్టుకుపోయిందనీ, చేపని తనే పట్టుకున్నాననీ తాపీగా చెప్పాడు.

శుభ్రత ఆడిటర్‌కి మగచేప మిల్ట్ ఎందుకు? పెళ్లికొడుకు వేలు దానంతటదే గుండీ మీదకి వెళ్లింది.

“పెద్దాయనా, షెడ్డులో గాలం మనిషి లేడు. ముత్యమే తీసుకెళ్లింది, మామూలు చేపది.”

చెవిలో రెండు సెకన్లు గరగర వినిపించింది.

“ఇప్పుడే నీకు చెప్పబోతున్నాను. ఏడాదిగా ఆమె వాళ్ల మనిషే. టీమ్ బయల్దేరింది, అరగంట పడుతుంది. అప్పటిదాకా ఆమెని బయటికి రానివ్వకు.”

మళ్లీ పన్నెండు గట్లు.

*

గుడ్లు తీసే గదిని అక్కడ పొడి గది అంటారు. దానికి ఒక్కటే దారి. ఆ దారి ఒక షవరు గది. బయటి తలుపు మూసుకుంటే గానీ నీళ్లు మొదలవవు, నీళ్లు ఆగి గాలి తిరిగితే గానీ లోపలి తలుపు తెరుచుకోదు. లోపలికైనా బయటికైనా ఏడు నిమిషాలు. జబ్బులు లోపలికి రాకుండా ఆ ఏర్పాటు.

దాని ముందు కాపలా ఉన్నావిడకి పెళ్లికొడుకు ఐడీ కార్డు చూపించాడు, అర్జెంటన్నాడు, దేశ భద్రత అన్నాడు. ఆవిడ ఓపిగ్గా విని, మంత్రిగారొచ్చినా ఏడు నిమిషాలేనంది. పెన్నూ, గుండీ, చెవి రేడియో, వాచీ తీయించి, పక్కనున్న క్రిమిసంహారక తొట్టిలో వేసింది. నాలుగూ నాలుగు బుడగలు వదిలి అడుక్కి వెళ్లిపోయాయి. చొక్కా కూడా విప్పించి ఒక పల్చటి నీలం గౌను చేతిలో పెట్టి, తల రెండుసార్లు రుద్దుకోవాలని చెప్పి లోపలికి తోసింది. వెనక తలుపు టకీమని పడింది. మూడువైపుల నుంచీ నీళ్లు కొట్టాయి.

ఎదురుగా తలుపులో చదరపు అద్దం. అద్దం అవతల పొడి గది.

ట్రైనింగ్‌లో అతనికి తాళాలు విప్పడం నేర్పారు, కదిలే రైలు దిగడం నేర్పారు. ఏడు నిమిషాలు సబ్బు నురగలో నిలబడి, జరుగుతున్నది చూస్తూ ఊరుకోవడం ఎవరూ నేర్పలేదు.

లోపల ముగ్గురున్నారు. కేంద్రంలో అందరూ డాక్టరమ్మ అని పిలిచే ఆ శాస్త్రవేత్త, ఆవిడ మరిది, ముత్యం. ఆడిటర్ కాబట్టి ముత్యాన్ని ఫైలుతో, మూత బిగించిన శాంపిల్ సీసాతో లోపలికి వదిలారు. మరిది ఆ కేంద్రంలోనే వలలు చూసే మనిషి. యాభై ఏళ్ల డాక్టరమ్మ జుట్టు కుడి చెవి పైన నెరిసింది, ఎడమవైపు నెరవడం మర్చిపోయింది. మరిది చేతుల్లో, పసిపిల్లాడిలా తువ్వాలులో చుట్టి, పదకొండు కిలోల చేప. కేంద్రంలో దాన్ని మామగారంటారు. ఎప్పుడూ మూతి ముడుచుకుని ఉంటుందనీ, పెట్టింది నచ్చకపోతే తినదనీ డాక్టరమ్మ పెట్టిన పేరది. మరిదికి అది నాన్న వరసవుతుందని ఎవరో అంటే, పేరు పేరేగానీ వరసలు కలపొద్దన్నాడట.

డాక్టరమ్మ మామగారి పొట్టని పొడిగుడ్డతో తుడిచింది. మళ్లీ తుడిచింది. మూడోసారి తోకనీ రెక్కలనీ కూడా ఒత్తింది. పొట్టమీద బొటనవేలు నెమ్మదిగా జరిపితే, సీసాలోకి తెల్లగా, చిక్కగా, వేలెడంత మిల్ట్ దిగింది. సీసాని ఐసు డబ్బాలో పెట్టి, మామగారిని తొట్టిలోకి దించారు.

పెళ్లికొడుకు అద్దం మీద కొట్టాడు. గాలి మిషన్ల హోరులో అది ఎవరికి వినిపిస్తుంది? మరిది ఒక్కడు తలెత్తి చూశాడు. ఎవరో కొత్తవాడు స్నానం దగ్గర కంగారుపడుతున్నాడనుకుని నవ్వాడు. చెవుల వెనక కూడా రుద్దుకోమని సైగచేసి చూపించాడు.

అద్దం మీద ఆవిరి పట్టింది. పెళ్లికొడుకు వేలితో దొంగ అని రాయబోయాడు. సగం రాసేలోపు షవరు తుడిచేసింది. మళ్లీ రాశాడు, మళ్లీ తుడిచేసింది.

ఇప్పుడు ఆడచేప. వదినా మరుదులిద్దరూ వంగారు. గుడ్లు తేనెరంగులో జాలువారి పొడి బేసిన్‌లో కుప్పపడుతున్నాయి. ఎంత అందంగా ఉన్నాయంటే, ఆ స్థితిలో కూడా పెళ్లికొడుకు చూపు ఒక్క క్షణం అక్కడ ఆగిపోయింది. అదే క్షణంలో ముత్యం చెయ్యి జేబులోంచి ఐసు డబ్బాలోకి వెళ్లింది, ఐసు డబ్బాలోంచి జేబులోకి వచ్చింది. అంతే. సీసా పోయింది, సీసా ఉంది. ముత్యం ఫైలులో ఏదో టిక్కు పెట్టుకుంది.

అతను అరిచాడు. నోట్లోకి సబ్బు నీళ్లు వెళ్లాయి.

ముత్యం డాక్టరమ్మకి ఏదో చెప్పి మర్యాదగా తల వంచి, తలుపు వైపు వచ్చి బటన్ నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. షవరులో ఇంకొకరున్నారు, ఆగాలి. అప్పుడామె అద్దంలోంచి చూసింది. నురగ కారుతున్న మొహాన్ని గుర్తుపట్టడానికి ఒక సెకను పట్టింది. తర్వాత చాలా ప్రేమగా నవ్వింది. అతనికి ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లు ఉన్నాయి. ఆమెకీ అంతే. దేశంలోకెల్లా తెలివైన గూఢచారిణి బయటికి పోలేకపోవడానికి కారణం అతను స్నానం చేస్తూండటం. ఆ దశలో అతను చేయగలిగిందల్లా అదొక్కటే, అది కూడా అతను చేస్తున్నది కాదు.

ఆమె భుజం పక్కనుంచి వెనక్కి చూస్తే, డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గరుంది. ఐసు డబ్బాలోని సీసా తీసి, గాజుపలక మీద మిల్ట్ బొట్టు పెట్టి, దాని పక్కన నీటిబొట్టు కలిపి, కన్ను ఆనించింది. గుడ్లమీద పోసేముందు ప్రతిసారీ చేసే పని అది. నీళ్లు తగలగానే బతికున్న మిల్ట్ మరుగుతున్నట్టు కదలాలి.

మాటలు వినపడవు గానీ, ఆవిడ భుజాలు అతనికి కనపడుతున్నాయి. ముందు అవి అలాగే ఉన్నాయి. తర్వాత కొంచెం కిందికి దిగాయి. ఆవిడ ఇంకో పలక పెట్టింది. చూసింది. కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపితే కుర్చీ అందలేదు. మరిది అందించాడు. ఆవిడ కూర్చుని గుడ్ల బేసిన్ వైపు చూస్తూ ఉండిపోయింది.

మిల్ట్ చచ్చిపోయి ఉంది. మామగారి పని అయిపోయిందని ఆ గదిలో ఆ ఇద్దరూ అనుకుంటున్నారు. కాదని తెలిసిన ఇద్దరిలో ఒకామె నవ్వుతోంది, ఇంకొకతను నురగ కక్కుతున్నాడు.

నీళ్లు ఆగాయి. గాలి తిరగడం మొదలైంది. అరవై సెకన్లు. గాలి మిషను పాతది. అతని చొక్కాలేని వీపుని కాస్త చల్లబరిచిందే గానీ తడిని ముట్టుకోలేదు. జుట్టులోంచి నీళ్లు ధారగా కారుతూనే ఉన్నాయి. తడి ఒంటిమీదే గౌను తగిలించుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

*

“ఆ సీసాలో ఉన్నది మామగారిది కాదు,” అన్నాడు పెళ్లికొడుకు గుమ్మంలో అడ్డంగా నిలబడి. “మామగారిది ఈవిడ జేబులో ఉంది.”

డాక్టరమ్మ నెమ్మదిగా లేచింది. ఆశ్చర్యపోలేదు. అప్పటికే ఆవిడ మనసులో ఏదో లెక్క నడుస్తోంది.

“నేను కూడా అదే అనుకుంటున్నాను,” అంది ముత్యంతో. “ఇది ముసలితనానికి చచ్చిన మిల్ట్ కాదు. నీళ్లు తగిలి చచ్చింది. ఒక్క చుక్క తగిలితే చాలు, అంతా ఒక్కసారి లేచి ఈది, నిమిషంలో అలిసిపోయి చస్తుంది. అందుకే ఈ గదిలో చెమట కూడా తుడుచుకుని పనిచేస్తాం. సీసాని కడిగి తడి తడిగా వాడే మనిషి నా దగ్గర ఎవరూ లేరు. మీరు కడిగారు కదూ?”

“కడక్కుండా ఎలా వాడతాను?” అంది ముత్యం. ఆ గొంతులో మొట్టమొదటిసారి నిజమైన కోపం వినిపించింది. “అది కూడా శుద్ధిచేసిన నీళ్లతో.”

అన్న తర్వాత ఆమెకి తెలిసింది ఏమన్నదో. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ తిరిగి, కడగండి కడగండి అని చెప్పిన చెయ్యి అది. దొంగతనానికి వెళ్తూ కూడా ముందు కడిగింది.

ముత్యం నవ్వు తీసి పక్కన పెట్టింది. జేబులోంచి మామగారి సీసా తీసి, మూత విప్పి, నేలమీదకి వంచి పట్టుకుంది.

“తప్పుకో పెళ్లికొడుకా. లేకపోతే పోసేస్తాను. మీకూ ఉండదు, మాకూ ఉండదు.”

అతను ఒక అడుగు ముందుకేశాడు.

“దాన్ని ముట్టుకోకు,” అని డాక్టరమ్మ కేకేసింది. “నీ ఒళ్లంతా నీళ్లు.”

అతను రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడ్డాడు. వాచీ లేదు, పెన్ను లేదు, చొక్కా లేదు. ఆమె అతనికి చేతికందే దూరంలో ఉంది. పట్టుకుంటే సీసా ఒలుకుతుంది, లాక్కుంటే తడుస్తుంది, తప్పుకుంటే పోతుంది. గౌను అంచునుంచి టపటపమని నీళ్లు పడుతున్నాయి.

“వదినా,” అన్నాడు మరిది. “పోనిద్దాం. ఎక్కడో ఒకచోట బతుకుతాయి కదా. చచ్చిపోవడం కంటే నయం కదా.”

డాక్టరమ్మ సీసా వైపు చూసింది. పద్నాలుగేళ్లు ఆ సీసాలో వేలెడంత ఉన్నాయి.

“బతకవురా. మందులమ్ముకునే వాళ్లు మందక్కర్లేని చేపని బయటికి రానిస్తారా? తాళంవేసి దాస్తారు. చెరువుల్లో మందు అలాగే పోయిస్తారు.” తర్వాత పెళ్లికొడుకు వైపు తిరిగింది. “బాబూ, నీ తల తడిగా ఉందా?”

“కారుతోందండీ.”

“విదిలించు.”

అర్థంకావడానికి అతనికి అర సెకను పట్టింది. ముత్యానికి అంతకంటే ఎక్కువ పట్టింది. శుభ్రమైన నీళ్లు దేన్నైనా పాడుచేస్తాయని ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అతను తల వంచి, వానలో తడిసిన కుక్కలాగా ఒక్కసారి బలంగా విదిలించాడు.

గోడమీద పడ్డాయి, ఫైలుమీద పడ్డాయి, ముత్యం ముడతలేని కోటు మీద పడ్డాయి. రెండు చుక్కలు సీసాలో పడ్డాయి.

ఎవరూ కదల్లేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది.

“ఇప్పుడు తీసుకెళ్లవచ్చు మీరు,” అంది డాక్టరమ్మ. “అదింక పనికిరాదు.”

ముత్యం సీసా వైపు చూసింది, అతని వైపు చూసింది. దాన్ని నేలమీద పెట్టి, అతన్ని దాటుకుని షవరు గదిలోకి పరుగెత్తింది. తలుపు టకీమంది. మూడువైపుల నుంచీ నీళ్లు వచ్చాయి. ఏడు నిమిషాలు. అద్దం వెనకనుంచి ఆమె తిట్టిన తిట్లేవీ గదిలోకి వినపడలేదు. బయటి తలుపు తెరుచుకునేసరికి పెద్దాయన టీమ్ తువ్వాలుతో సహా సిద్ధంగా ఉంది.

*

ఆ సంగతి లోపల ఎవరూ పట్టించుకోలేదు. బేసిన్‌లో గుడ్లున్నాయి. చేప కడుపులోంచి బయటికొచ్చిన గుడ్డు అరగంటకంటే ఎక్కువ ఆగదు. పదిహేడు నిమిషాలైపోయింది.

మామగారిని మళ్లీ పైకి తీశారు. తుడిచారు. డాక్టరమ్మ పొట్టమీద వేలు జరిపింది. ఏమీ రాలేదు. ఒకసారి ఇచ్చిన చేప మళ్లీ ఇవ్వడం అరుదు, ముసలిదైతే మరీ. కాసేపాగి మళ్లీ జరిపింది. ఏమీ లేదు. గట్టిగా నొక్కకూడదు, లోపల దెబ్బ తగిలితే చేపే పోతుంది. చేయడానికి ఇంకేమీ లేదు. మరిది చేపని పట్టుకుని నిలబడ్డాడు, డాక్టరమ్మ పొడి చేతులు ఇంకా పొడిగా తుడుచుకుంటోంది. పెళ్లికొడుకుని, ఒక్క చుక్క రాలినా ఊరుకోనని, గదిలో అన్నిటికంటే దూరపు మూలలో నిలబెట్టారు. అతను అక్కడే, రెండు చేతులతో తన జుట్టు తనే పట్టుకుని నిలబడ్డాడు.

ఇరవై రెండు నిమిషాలు.

“మామగారూ,” అన్నాడు మరిది చేప చెవికి దగ్గరగా, చేపకి చెవి ఎక్కడుంటుందో అక్కడ. “ఇన్నేళ్లూ మీరు మూతి ముడిస్తే మేం భరించాం. అర్ధరాత్రి మీకు గాలి చాల్లేదని నేను నా పెళ్లిరోజు కూడా ఇక్కడే పడుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఇవాళొక్కరోజు మా మాట వినండి.”

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వులో కళ్లలోంచి ఏదో జారబోతే గబుక్కున పక్కకి తిరిగి మోచేత్తో ఒత్తుకుంది, అదీ నీరేగా మరి.

ఇరవై ఐదు.

ఆవిడ ఈసారి సీసా తీసుకోలేదు. చేపని సరాసరి బేసిన్ మీదకే తెమ్మంది. వచ్చేది గుడ్లమీదే పడాలి, మధ్యలో ఇంకే సీసా, ఇంకే చెయ్యీ ఉండకూడదు. బొటనవేలు పెట్టి ఊరికే అలా ఉంచింది. నొక్కలేదు. మామగారు ఒకసారి మొప్పలు తెరిచి మూశారు. తోక కొద్దిగా కదిలింది.

ఒక తెల్లని చుక్క. కాసేపాగి ఇంకొకటి. మూడోది వేలాడి వేలాడి, పడదేమో అనుకున్నాక పడింది.

“చాలు,” అంది డాక్టరమ్మ. “మామగారిని దించెయ్.”

పక్షి ఈకతో గుడ్లని మెల్లగా కలిపింది, ఎంత మెల్లగా అంటే ఈక తాకిందని గుడ్లకి కూడా తెలియనట్టు. తర్వాత తల తిప్పకుండానే మూలకి చూపిస్తూ అంది:

“ఇప్పుడు నీళ్లు కావాలి. అదిగో, ఆ చెంబు. ఇంక నువ్వు రావచ్చు బాబూ.”

నీళ్లు పోసింది అతనే. ఇరవై ఎనిమిది నిమిషాలు.

*

మూడురోజుల తర్వాత కళ్లద్దాల షాపులో మళ్లీ ‘భోజన విరామం’. పెద్దాయన ఫోను పెట్టేసి, గుడ్లలో చాలామటుకు తెల్లబడి పోయాయనీ, రెండువందల ఆరు మాత్రం పిల్లలయ్యాయనీ చెప్పాడు. వేలల్లో రావలసింది. అయితే ఆ రెండువందల ఆరింటిలో సగమే మగవైనా, ఇక మీదట ఒక్క చేప మీద దేశమంతా వేలాడక్కర్లేదు. డాక్టరమ్మ వాటిని లెక్కపెట్టడానికి కూడా పొద్దుటినుంచీ ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదట. మామగారు మేత ముట్టకుండా అలిగి కూర్చున్నారట. అంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

పెళ్లికొడుకు రిపోర్టు ఫారం నింపుతున్నాడు. పోయిన పరికరాలు అన్నచోట నాలుగూ రాశాడు. పోయిన కారణం అన్నచోట స్నానం అని రాశాడు. ఆమెని ఆపినదెవరు అన్నచోట చాలాసేపు ఆలోచించి, షవరు అని రాశాడు. అది నిజం కాబట్టి.

పెద్దాయన కళ్లజోడు పైకెత్తి చదువుతూ ఆఖరి గడి దగ్గర ఆగాడు. ఉపయోగించిన ఆయుధం: జుట్టు.

“ఇదేమిటిది? డిపార్ట్‌మెంట్ ఇచ్చిందా?”

“లేదు సార్,” అన్నాడు పెళ్లికొడుకు. “సొంతం.”